ఎర్రగుడ్డకు అటూ ఇటూ

నేను ఒక బట్టల క్లిప్పుని. నీలం రంగు, రెండు రెక్కలు, మధ్యలో ఒక స్ప్రింగు. నా పుట్టుక గురించి దాచుకోవాల్సిందేమీ లేదు. ఎక్కడో విరిగిన బకెట్లూ మూతల్లేని డబ్బాలూ కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను. డజనుమందిమి ఒకే అట్టను పట్టుకుని, ఒక సైకిల్ హ్యాండిల్‌కు వేలాడుతూ బేతంచెర్ల చేరాం. అక్కడ ఓబుళమ్మ చాలాసేపు బేరమాడి మమ్మల్ని కొంది. ఇక చీరలు పట్టుకుని ఎండలో నిలబడటమే నా బతుకు అనుకున్నాను. అంతకన్నా పెద్ద ఆశలు నాకు లేవు.

కానీ ఓబుళమ్మకు మాతో వేరే పని ఉంది. ఆమెది నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల పక్కన చిన్న మెస్సు. పక్క ఊళ్ల నుంచి వచ్చి ఫ్యాక్టరీ షెడ్లలోనే పడుకునే మనుషులు అక్కడ తింటారు. వంటింటికీ తినే గదికీ మధ్య గోడలో పెద్ద కిటికీ ఒకటి ఉంది, పళ్లాలన్నీ అందులోంచే వస్తాయి. ఆ కిటికీకి అడ్డంగా ఆమె ఒక నైలాన్ తాడు కట్టింది. తాడు పొడుగునా ముడులు వేసి, సరిగ్గా మధ్య ముడికి ఎర్రగుడ్డ పీలిక చుట్టింది. తర్వాత మా రెండు రెక్కల మీదా పెన్నుతో పేర్లు రాసి, మనిషికొకరి చొప్పున మమ్మల్ని తాడెక్కించింది. నా మీద మద్దిలేటి అని రాసింది. నా పక్కనున్న పసుపు క్లిప్పు తిరుపాలు అయింది.

లెక్క తేలికే. ఓబుళమ్మ తినే గదిలో, వాకిలి దగ్గర బల్ల వేసుకుని కూర్చునేది. అక్కడ నుంచి చూస్తే ఎర్రగుడ్డకు కుడివైపు ముందే డబ్బు కట్టినవాళ్లు, ఎడమవైపు బాకీ ఉన్నవాళ్లు. అయిదు భోజనాలకు డబ్బిస్తే అయిదు ముడులు కుడికి. ఒక భోజనం తింటే ఒక ముడి ఎడమకు.

నాకు వచ్చిన పెద్ద సందేహం ఎర్రగుడ్డ దగ్గరే. నేను దాని మీద ఉన్నానంటే మద్దిలేటికి రావాల్సింది ఏమీ లేదు, ఇవ్వాల్సిందీ ఏమీ లేదు. ఏమీ లేని చోటు దాటితే ఏముంటుంది? కిందపడి దొర్లిపోతానేమో అనుకున్నాను. కానీ ఆ పూట కూడా మద్దిలేటికి ఆకలైంది. ఓబుళమ్మ పళ్లెం ఇచ్చి, నన్ను ఇంకో ముడి ఎడమకు జరిపింది. ఏమీ లేకపోవడం కంటే తక్కువ కూడా ఒకటుంటుందని అప్పుడే తెలిసింది. మనుషులు అక్కడ ఏళ్ల తరబడి కాపురాలు కూడా చేస్తారని తర్వాత తెలిసింది.

తాడు మీద చాలా వింతలు చూశాను. ఎడమన మూడో ముడి దగ్గరున్నవాడు అయిదు భోజనాల డబ్బు తెచ్చి దర్జాగా బల్ల మీద పెడితే, కుడివైపు రెండో ముడికే చేరేవాడు. మిగతా మూడూ ఏమయ్యాయని తల గోక్కునేవాడు. ఉగాదినాడు ఓబుళమ్మ ఎడమవైపు వాళ్లందరినీ తలా రెండు ముడులు కుడికి జరిపేది. ఎవరూ పైసా ఇచ్చింది లేదు. బాకీలోంచి కొంత తీసేస్తే, ఎదురిచ్చినట్టే అవుతుందన్నమాట. ఇదేం లెక్కరా అని నేను పండగంతా ఆలోచించాను.

ఇక మా మద్దిలేటి సంగతి. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చేతిలో డబ్బుంటే అడిగినవాడికల్లా ఇచ్చేస్తానని ఆయనకే తెలుసు. అందుకే కూలి అందగానే నేరుగా మెస్సుకొచ్చి, ముందు భోజనాలకు కట్టేసేవాడు. ఒకసారి అలా కట్టి నన్ను కుడివైపు పన్నెండో ముడికి చేర్చాడు. ఆ రోజే గనుల నుంచి రాయి రావడం ఆగి ఫ్యాక్టరీ మూతపడింది. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పేవాడు లేడు. ఆయన పొట్టకు ఆధారం నేను పట్టుకున్న ఆ పన్నెండో ముడే. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

సరిగ్గా అప్పుడే ఓబుళమ్మ కంటి ఆపరేషన్‌కని కర్నూలు వెళ్లాల్సి వచ్చింది. మెస్సు చూసుకోవడానికి ఆడబిడ్డ గోవిందమ్మను పిలిపించింది. గోవిందమ్మ ఎవరికీ అర్ధరూపాయి బాకీ ఉండదు, ఎవరినీ ఉండనివ్వదు. వెళ్లేముందు ఓబుళమ్మ తన బల్ల దగ్గర కూర్చునే చెప్పింది.

"వదినా, ఎర్రగుడ్డకు కుడిపక్క ఉండేటోళ్లు మనకు ముందే దుడ్లు కట్టినోళ్లు. ఎడంపక్క ఉండేటోళ్లు మనకు ఇయ్యల్ల. అంతే."

"ఆ మాత్రం తెలీదా నాకు, నువ్వు పో" అంది గోవిందమ్మ.

వంటా వడ్డనా ఒక్కతే చూసుకోవాలి కాబట్టి ఆమె బల్ల దగ్గర కూర్చోలేదు. వంటింట్లోనే నిలబడి, కిటికీలోంచి పళ్లాలు అందిస్తూ, లోపలి నుంచే మమ్మల్ని జరపడం మొదలుపెట్టింది. ఇటు కూర్చున్నవాళ్ల కుడి అటు నిలబడ్డ ఆమెకు ఎడమ. తాడు అదే, ముడులు అవే, మేమూ కదల్లేదు. ఒక్క గోడ అడ్డం వచ్చేసరికి కట్టినవాళ్లంతా బాకీదార్లయ్యారు, బాకీదార్లు షావుకార్లయ్యారు.

మద్దిలేటి పళ్లెం కోసం వచ్చాడు. గోవిందమ్మ నా మీద పేరు చదివి, ముడులు లెక్కపెట్టింది.

"పన్నెండు బాకీ పెట్టుకొని, మళ్లా పళ్లెం ఎత్తుకొచ్చినావా నాయనా?"

"బాకీ ఏందక్కా, ముందే కట్టినా కదా."

"నువ్వు కట్టింటే తాడు చెప్పదా? ముందు పాతది తీర్చు."

ఆయన నా వైపు చూశాడు. పెట్టిన చోటే ఉన్నాను. మరి ఈమె ఎందుకిలా అంటోంది? తన పన్నెండు భోజనాలూ మింగేయాలని చూస్తోందని ఆయన అనుకున్నాడు. ఎగ్గొట్టే మనిషని ఆమె అనుకుంది. వెనక వరసలో ఉన్నవాళ్లు వింటున్నారు. మద్దిలేటి జేబులో ఉన్నదంతా తీసి కిటికీలో పెట్టాడు, రెండు భోజనాల డబ్బు. ఆమె నన్ను రెండు ముడులు ఎర్రగుడ్డ వైపు లాగింది. డబ్బు కట్టినందుకు ఆయన పన్నెండు పదికి దిగింది. ఆయన తినకుండానే వెళ్లిపోయాడు. నాకు చాలా బాధేసింది. నా నోరు కరవడానికే గానీ చెప్పడానికి పనికిరాదు.

ఆ వెనకే తిరుపాలు. ఎడమన తొమ్మిదో ముడి దగ్గరున్నవాడు.

"నీకేం నాయనా, తొమ్మిది ముందే కట్టినావు. కడుపునిండా తిను" అంది గోవిందమ్మ.

తిరుపాలు ఎర్రగుడ్డ వైపు ఒకసారి, ఆమె మొహం వైపు ఒకసారి చూసి, నోరు మెదపకుండా పళ్లెం అందుకున్నాడు. నాలుగు పూటలు అలాగే తిన్నాడు. తిన్నకొద్దీ పసుపు క్లిప్పు ఎర్రగుడ్డ వైపు నడిచింది, తొమ్మిది కాస్తా అయిదైంది. తిండితో బాకీ తీర్చుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మద్దిలేటి మాత్రం ఆ తర్వాత రాలేదు. షెడ్డులోనే పడుకుని ఉన్నాడని, నీళ్లు తాగి కాలం గడుపుతున్నాడని తింటున్నవాళ్లు చెప్పుకున్నారు. గోవిందమ్మ విననట్టే ఉంది గానీ, గరిటె చప్పుడు కాస్త తగ్గింది.

మూడో రోజు మధ్యాహ్నం అందరూ తిని వెళ్లాక, వంటింట్లో ఉక్కపోత భరించలేక ఆమె తన పళ్లెం తెచ్చుకుని తినే గదిలో ఫ్యాను కింద కూర్చుంది. ఓబుళమ్మ బల్ల దగ్గరే. మొదటి ముద్ద కలిపి తలెత్తింది. ఎదురుగా నేను, ఎర్రగుడ్డకు కుడివైపు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్లి చూసింది. మళ్లీ ఇవతలికి వచ్చి చూసింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో, అన్నం చల్లారిపోయింది.

చేయి కడుక్కొచ్చి నన్ను పదో ముడి నుంచి పద్నాలుగో ముడికి చేర్చింది. రెండు కలపాల్సిన చోట రెండు తీసేసింది కదా, అందుకని నాలుగు. పసుపు క్లిప్పును ఎనిమిది ముడులు ఎడమకు ఈడ్చి పదమూడో ముడి దగ్గర నిలబెట్టింది. మిగతా క్లిప్పులనూ అలాగే సరిచేసింది. తర్వాత క్యారియర్‌లో అన్నం, పప్పు సర్దింది. ఎందుకో నన్ను తాడు మీంచి తీసి కొంగు చివర పెట్టుకుని బయల్దేరింది.

షెడ్డులో మద్దిలేటి పక్కనే నలుగురైదుగురున్నారు, ఆ రోజు వరసలో నిలబడ్డవాళ్లే. తిరుపాలు కూడా ఉన్నాడు. గోవిందమ్మ క్యారియర్ కింద పెట్టి, అందరికీ వినబడేలా మాట్లాడింది.

"పన్నెండు బాకీ ఉండాదని అంటి కదా నాయనా. ఉండేది నిజమే. ఉండేది నువ్వు కాదు, మేము. నువ్విచ్చిన రెండూ కలిపి పద్నాలుగు. నేను తాడును అవతల నుంచి చూసినా. తప్పు నాది."

మద్దిలేటి లేచి కూర్చుని క్యారియర్ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇది తింటే పదమూడేనా అక్కా?"

"ఇది లెక్కలోది కాదు. తిను."

ఆయన తింటుంటే ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకున్న కొంగుకే నేనున్నాను కాబట్టి నాకు తెలుసు. తిరుపాలు తల దించుకుని నేలను చూస్తున్నాడు. ఆ సాయంత్రం మెస్సుకొచ్చి, "పదమూడు కదక్కా నాది" అని తనే అన్నాడు. రెండు నెలలు పట్టినా అంతా తీర్చాడు.

ఓబుళమ్మ కొత్త కళ్లతో తిరిగొచ్చి, కథంతా విని, వంటింటి వైపు కూడా ఒక బల్ల వేయించింది. ఎందుకని ఎవరైనా అడిగితే, అటు నుంచి కూడా ఒకసారి చూసుకోవాలి అనేది.

ఇప్పుడు తాడు లేదు. గోడకు ఫోన్‌తో డబ్బు కట్టే బొమ్మ అతికించారు. మా వాళ్లంతా చీరలు ఆరేసే పనికి వెళ్లిపోయారు. నేను మాత్రం వంటింట్లో కారం పొట్లం మూతి పట్టుకుని ఉన్నాను. పొట్లాలు ఎన్ని మారినా నన్ను మాత్రం ఓబుళమ్మ బట్టల దగ్గరికి పంపదు. మద్దిలేటి ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో పని దొరికి ఉన్నట్టుండి వెళ్లిపోయినప్పుడు నేను కుడివైపు మూడో ముడి మీదున్నాను. ఆయనకది మిగులు. ఓబుళమ్మకు బాకీ.

ఆయన మీకెక్కడైనా కనబడితే ఒక మాట చెప్పండి. బేతంచెర్లలో ఆయన పేరు మీద మూడు భోజనాలున్నాయి.