జైనాబ్ ఏకిన దిండు

జైనాబ్ చెవులు రెండూ ఒకే దెబ్బకు పోయాయి. కొట్టింది బళ్ళ ఇన్‌స్పెక్టర్ సుందరం. ఆ పిల్ల చేసిన తప్పు, అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం.

అంతకుముందు ఆ ఇంట్లో పొద్దు ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. కోడుమూరు బాట పక్కనున్న పల్లె వాళ్ళది. జైనాబ్ తల్లి దూదేకుల మదార్ బీ సంగటి కెలికి దించి, పంచలో చాప పరిచి, చనిపోయిన మొగుడు దూది ఏకిన విల్లును దూలానికి వేలాడదీసేది. కొయ్య గుండుతో నారిని కొడితే దూది పొగలా లేచేది. ఎదురుగా జైనాబ్ మూతికి గుడ్డ కట్టుకుని, దూదిలో మిగిలిన గింజల పలుకులు ఏరుతూ కూర్చునేది.

మదార్ బీ ఏకిన దూదికి మాట పట్టేది. ఆ దూదితో కుట్టిన దిండు మీద తల పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఆ మాటలన్నీ నోటికి వచ్చేసేవి. శెట్టిగారి పిల్లలు ఎక్కాలు అలాగే నేర్చుకున్నారు. ఎదురింటి సాలె రామలింగప్ప కోడలు పెళ్ళి పాటలు అలాగే నేర్చుకుంది. ఊళ్ళో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. విల్లు మోగుతున్నంతసేపు ఆ వీధిలో తిట్టుకునేవాళ్ళు కారు, అంతే.

ఒక్క సంగతి మాత్రం వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. పక్కన కూర్చుని ఎంత గట్టిగా చదివినా దూదికి పట్టదు. ఏకే మనిషి చెవిన పడిందే దూదికి పడుతుంది. ఒకసారి రామలింగప్ప వాళ్ళ నాయన కోసం భజన పాటలు చదువుతుంటే, మదార్ బీ ధ్యాస బయట జరుగుతున్న పొట్టేళ్ళ బేరం మీదికి పోయింది. ఆ ముసలాయన చచ్చేదాకా ఏది రెండు పళ్ళ పొట్టేలో, ఏది నాలుగు పళ్ళదో వచ్చేపోయేవాళ్ళకు చెబుతూ బతికాడు.

మదార్ బీకి అక్షరం ముక్క రాదు. కూతురికి రావాలని మాత్రం పట్టు. బడికి పంపితే అయ్యవారు పిల్లను చెప్పులు విడిచేచోట కూర్చోబెట్టి, చీపురిచ్చి బడి ఊడిపించాడు. వారం తిరక్కుండానే మాన్పించింది. రామలింగప్పను పిలిచి పంచలో కూర్చోబెట్టుకుంది. ఆయన పుస్తకం చదివేవాడు, ఈమె ఏకేది, పిల్ల ఆ దిండు మీద పడుకునేది. అక్షరాలు మాత్రం చాప మీద పరిచిన దూదిలో ఆయనే వేలితో రాసి చూపించి దిద్దించేవాడు. పదేళ్ళకు జైనాబ్ భూగోళం, భిన్నాలు, బారువడ్డీ అన్నీ చెప్పేది.

ఆ ఏడు బోర్డువాళ్ళు నిర్బంధ చదువు పెట్టారు. ఈడొచ్చిన పిల్లలందరూ బడికి రావాల్సిందే. పంపకపోతే తల్లిదండ్రులను కోర్టుకు ఎక్కిస్తారు. సుందరం గుర్రబ్బండి దిగి నేరుగా మదార్ బీ గడప ముందుకు వచ్చాడు.

"ఏమ్మా, పిల్లను ఎందుకు మాన్పించావు?"

"ఇంట్లోనే చదువుతాండాది సామీ. మీరే అడగండి."

అడిగాడు. తుంగభద్ర ఎక్కడ పుట్టిందో చెప్పింది. మూడు పావులు, అయిదు అరలు కూడి చెప్పింది. సుందరం మీసం సర్దుకున్నాడు.

"ఎవరు చెప్పారు ఇవన్నీ?"

"దిండు," అంది జైనాబ్.

"దిండు చెబుతుంది, సరే. ఆ దిండు ట్రైనింగ్ అయిందా?"

"దూదితో అయింది సామీ," అంది మదార్ బీ.

వెనక రామలింగప్ప దగ్గును అడ్డం పెట్టుకుని నవ్వాడు. సుందరం చూశాడు. "సర్కారు సర్టిఫికెట్ లేని దిండు చదువు చదువు కిందికి రాదు. సోమవారం పిల్ల బడిలో ఉండాలి. లేకపోతే నువ్వు కోర్టులో ఉంటావు."

మదార్ బీ పంపింది. కోర్టుకు పోతే విల్లు పట్టేవాళ్ళు ఉండరని పంపింది. తన జన్మలో అంతకన్నా తెలివితక్కువ పని చేయలేదని తర్వాత ఎప్పుడూ అనుకునేది.

రెండు నెలలకు సుందరం బడి తనిఖీకి వచ్చాడు. పెద్ద తరగతిని ఒక లెక్క అడిగాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. చెప్పుల దగ్గర నుంచి జైనాబ్ జవాబు చెప్పింది.

"నీకెవరు చెప్పారు?"

"మా ఇంటి దిండు సామీ."

బడంతా గొల్లుమంది. నవ్వింది తనను చూసేనని సుందరానికి తోచింది. రెండు అరచేతులతో పిల్ల చెవులు రెండూ ఒకేసారి చరిచాడు. ఇంటికి వచ్చేసరికి గౌను భుజాల మీద నెత్తురు ఎండిపోయి ఉంది. మూలికల పసర్లు, కర్నూలు ఆసుపత్రి మందులు ఏవీ పనిచేయలేదు. మదార్ బీ విల్లు పిల్ల చెవి పక్కనే పెట్టి కొట్టి చూసింది. పిల్ల కళ్ళార్పలేదు.

మదార్ బీ నడిచిపోయి ఇన్‌స్పెక్టర్ ఆఫీసు మెట్ల కింద నిలబడింది.

"బడిలో ఉన్నంతసేపు పిల్ల సర్కారుది," అన్నాడు సుందరం. "భయం చెప్పడం మా పని."

"బడి వదిలినాక ఎవరిది సామీ?"

"నీదే."

"తీసుకున్నప్పుడు చెవులతో ఉండె. ఇచ్చేటప్పుడు గూడ అట్లనే ఇయ్యల్ల గదా?"

నాలుగు రోజుల్లో చెవులు అవే వస్తాయని సుందరం కసిరాడు, బంట్రోతు ఆమెను బయటికి పంపాడు. మదార్ బీ ఏడవలేదు. దారి పొడుగునా కంది చేల గట్ల మీద ఏం ఆలోచించిందో ఎవరికీ చెప్పలేదు.

ఎండాకాలం దాటాక సుందరం మళ్ళీ ఆమె గడప తొక్కాడు. ఈసారి బండి నిండా నంద్యాల దూది. పై ఉద్యోగానికి డిపార్ట్‌మెంట్ పరీక్ష ఉంది. రెండుసార్లు తప్పాడు. రూళ్ళ పుస్తకం లావుగా ఉంది, తలకెక్కడం లేదు.

"ఒక దిండు కావాలి," అన్నాడు. కొంచెం నేల చూస్తూనే అన్నాడు.

"ట్రైనింగ్ కాని దిండు గదా సామీ, పనికొస్తాదా?"

"పాత మాటలెందుకు? ఏం కావాలో అడుగు."

"మా పాప పేరు బడిలో కొట్టేయండి. ఇంట్లోనే చదువుకుంటాది."

"దానికేముంది. ఇంట్లో సరిగా చదువుకునే పిల్లను వదిలేయొచ్చని ఈ పుస్తకంలోనే ఉంది." పుస్తకం మీద వేలితో తట్టాడు.

మదార్ బీ చేతిలోని గుండు ఆగింది. "ఆ పొద్దు మీకు తెల్దా ఈ మాట?"

"తెలుసు. నీ ఒక్కదానికి వదిలితే ఊరంతా దిండ్లు పట్టుకుని వస్తారని చెప్పలేదు."

ఆమె గుండు కింద పెట్టింది. తర్వాత కుడిచేతి మణికట్టుకు గుడ్డ చుట్టుకుంది.

"నా చెయ్యి బెణికింది సామీ. మా పాప ఏకుతాది. నాకన్నా సన్నంగా ఏకుతాది. మీరు ఈడ కూర్చుని చదవండి."

వీధి వీధంతా వచ్చి నిలబడింది. జైనాబ్ విల్లు ముందు కూర్చుంది. సుందరం కళ్ళజోడు తగిలించుకుని మొదటి పేజీ తీశాడు. రామలింగప్ప ఆమె పక్కకు జరిగి మెల్లగా అడిగాడు.

"మదారక్కా, తెలిసే చేస్తాండావా?"

"తెలిసే."

సుందరానికి ఎందుకో అనుమానం వచ్చింది. తలెత్తి, "ఈ పిల్ల ఏకితే పడుతుందా?" అన్నాడు.

ఆ వీధిలో అందరికీ జవాబు తెలుసు. రామలింగప్ప ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "శానా బాగా పడుతాది సామీ. ఆ పాపకు ఏది వినపడితే అది పొల్లుపోకుండా పడుతాది."

సుందరం గొంతు బొంగురుపోయేదాకా చదివాడు. జైనాబ్ తల ఎత్తకుండా ఏకింది. అంత తెల్లగా, అంత మెత్తగా ఆ ఇంట్లో ఎప్పుడూ దూది లేవలేదు. మదార్ బీ తన చేత్తోనే దిండు కుట్టి, మూల దగ్గర ముడి గట్టిగా బిగించి ఇచ్చింది. జైనాబ్ పేరు బడి నుంచి పోయింది.

సుందరం ఆ దిండు మీద తల పెట్టి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అతని భార్య కాఫీ తెచ్చి పిలిచింది. అతను పలకలేదు. బండివాడు అరిచాడు, అతను అటు తిరగలేదు. అద్దం ముందు నిలబడి నోరు తెరిచి మూశాడు, తెరిచి మూశాడు. పరీక్ష గదిలో ప్రశ్నలు అడిగేవాళ్ళ పెదవులు చూస్తూ నిలబడి తిరిగొచ్చాడు. పిల్లలు అప్పజెప్పే పాఠం వినబడని మనిషి ఇన్‌స్పెక్టర్‌గా పనికిరాడని సర్కారు ఇంటికి పంపేసింది. రూలు ప్రకారమే పంపింది.

పంట కోతలప్పుడు అతని భార్య హనుమంతమ్మ ఆ దిండు ఒళ్ళో పెట్టుకుని మదార్ బీ పంచలో కూర్చుంది. ఊళ్ళో ఎవరో చెప్పారు ఆమెకు.

"దూది విప్పి, నువ్వు మళ్ళీ ఏకితే ఆయనకు వినబడుతుందట కదమ్మా?"

"వినబడుతాది." మదార్ బీ అబద్ధం ఆడలేదు.

"ఏకు తల్లీ. ఆయన చేసింది పాపమే. నా మొహం చూసి ఏకు."

మదార్ బీ చూసింది. మంచి మొహమే. పుస్తెల తాడుకు పసుపు రాసుకుని, ఎండలో నడిచి వచ్చిన మొహం. పక్కన జైనాబ్ పరిచిన దూదిలో వేలితో ఏదో రాసుకుంటోంది. వచ్చినావిడ పెదవులు కదలడం చూసి, ఏమంటోందన్నట్టు తల్లి వైపు తల ఎగరేసింది.

"మజ్జిగ తాగమ్మా," అంది మదార్ బీ.

"ఏకుతావా?"

"నా బిడ్డ చెవులు విప్పి ఏకేటట్టుంటే మీ ఆయనవీ ఏకుతును. నేను ఏకను."

హనుమంతమ్మ మజ్జిగ తాగలేదు. మదార్ బీ మనసు ఎప్పుడైనా మారుతుందేమోనని దిండు అక్కడే వదిలి వెళ్ళింది. మళ్ళీ మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా మదార్ బీ చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది, అదే మాట చెప్పింది.

జైనాబ్ కంటితోనే చదివి పెద్దదైంది. రామలింగప్ప తెచ్చిన పుస్తకాలన్నీ అయిపోయాక కోడుమూరు నుంచి తెప్పించుకుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ఆ పంచలోనే పిల్లలకు చదువు చెబుతోంది.

ఏటా వానలు వెనకబట్టాక మదార్ బీ అటక మీది నుంచి ఆ దిండు దించి, దుమ్ము దులిపి, పురుగు పట్టకుండా ఎండలో పెట్టేది. సాయంత్రానికి మూల దగ్గర ముడి వేలితో తడిమి చూసి మళ్ళీ అటకెక్కించేది. ముడి మాత్రం విప్పలేదు.