అక్క తొట్టి, చెల్లెలి తొట్టి

పట్టకారు చివర వానపాము ముక్క పట్టుకుని నీళ్లాయన గాజుతొట్టి మీదికి వంగాడు. రాళ్ల మధ్య నుంచి నల్లటి నీటిబల్లి ఒకటి తోక ఊపుకుంటూ పైకొచ్చి, పట్టకారుతో సహా మింగేసేలా నోరు తెరిచింది.

"నిదానమే. నీ తిండి ఎవరూ ఎత్తుకుపోరు," అన్నాడు.

మిగిలినవీ వచ్చాయి. ఒకటి మాత్రం రాయి కింద నుంచి కదల్లేదు. అలిగిందనుకున్నాడు.

ఇవి అక్కలు. పక్క తొట్టిలోవి చెల్లెళ్లు. పుస్తకాల్లో ఈ రెండు జాతులకూ నోరు తిరగని పేర్లున్నా, ఈ పరిశోధనశాలలో ముప్పై ఏళ్లుగా ఆయన పెట్టిన పేర్లే చెల్లుతున్నాయి. రోజంతా నీళ్లు మార్చే మనిషి కాబట్టి ఆయన పేరు కూడా నీళ్లాయనగానే మిగిలిపోయింది. అక్కలది ఒక కొండవాగు, చెల్లెళ్లది మరో వాగు. రెండుచోట్లా ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. రెంటికీ నల్లటి వీపు, నారింజరంగు పొట్ట, దాని మీద మచ్చలు. తేడా తిండి దగ్గర తెలుస్తుంది. అక్క మనిషి ఎదుటే తింటుంది. చెల్లెలు మనిషి వెనక్కి తిరిగేదాకా ముట్టదు.

"నేనెలా తింటానో ఎప్పుడైనా చూశారా?" అని ఆయన భార్య ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఇవాళే ఆరు చెల్లెళ్లను వాటి వాగులో వదలడానికి పంపుతున్నారు. పరిశోధనశాల డాక్టరమ్మ పొట్టల మీది మచ్చలన్నీ చూసి సరేననుకుని, పెట్టె మూత పట్టుకుని నిలబడింది. ప్రయాణానికి ముందు ఆయన తలా ఒక ముక్క అందించాడు. ఐదు కదల్లేదు. ఆరోది తిన్నగా పట్టకారు దగ్గరికొచ్చింది.

చెల్లెలైతే ఇలా ఎదురుగా రాదు. రెండు తొట్లూ ఒకేసారి కడగకూడదన్న నియమం ఆయనదే. నిన్న, వెళ్లేముందు రెండూ తళతళలాడాలని తనే ఒకేసారి కడిగాడు. ఇటుది అటు, అటుది ఇటు పడ్డట్టుంది. నోరు మూసుకుంటే సాయంత్రం నాలుగు మంచిమాటలు చెప్పి సాగనంపుతారు. కానీ ఈ అక్క ఆ వాగులో చెల్లెళ్లతో జతకట్టి గుడ్లు పెడితే, రెండు జాతులూ కలిసిపోయి కొన్నాళ్లకు చెల్లెలి జాతే మిగలదు.

"అమ్మా, ఇది అక్క. నేనే కలిపేశాను."

"మచ్చలు చెల్లెలివిలాగే ఉన్నాయి కదా బాబాయ్?"

"మచ్చల సంగతి నాకు తెలీదమ్మా. ఒక్కోదాని పొట్టకు తీసిన పాత ఫోటోలు చూడండి."

ఆ మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెంటివీ కలవవు. ఆమె కంప్యూటర్లో అరగంట వెతికింది. ఆయన గోడకానుకుని నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అక్కే," అంది చివరికి.

అలిగిందనుకున్న చెల్లెలు అక్కల తొట్టిలో రాయి కింద దొరికింది. రెంటినీ మార్చి, పెట్టె పంపించారు.

"ఇక్కడ మిగిలిన చెల్లెళ్లకు రేపట్నుంచి నేనెలా పెట్టాలి?" అని అడిగిందామె.

"వేసి వెనక్కి తిరగండి. మళ్లీ చూడకండి."

సాయంత్రం ఐదింటికి నీళ్లాయన చేతులు కడుక్కున్నాడు. ఇవాళ ఇంటికెళ్లి, ఆవిడ భోంచేస్తుంటే ఎదురుగా కూర్చోవాలనుకున్నాడు. వెనక్కి చూడకుండా తలుపు చేరవేసి వెళ్లాడు.

అక్క తొట్టి మూత మీద ఆయన పట్టకారు ఉంది. పట్టుకునేచోట చుట్టిన దారం వేళ్ల రాపిడికి అరిగి, ఇంకా తడిగానే ఉంది.