అబూ సఖ్ర్ ముట్టని కాఫీ

వాయెల్‌ను మట్టిలో పెట్టి వచ్చిన మధ్యాహ్నమే, అతడు సృష్టించిన ముసలివాడు హంతకుడని లోకం తేల్చేసింది. పరామర్శకు వచ్చినవాళ్లు చక్కెర లేని కాఫీ తాగుతుంటే, మేనత్త కూతురు ఫోన్ చూసి ఆ కబురు రబాబ్‌కు చెప్పింది.

వాయెల్ ఆమె తమ్ముడు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక చిన్న సంస్థ తయారుచేసే వీడియో గేముకు కథ రాసేవాడు. మూడో భాగం చివర అబూ సఖ్ర్ అనే ముసలివాడు, తండ్రి హత్యకు గురైన కుర్రవాడి గుడారానికి వస్తాడు. పోసిన కాఫీని నేల మీద పెట్టి ముట్టకుండా కూర్చుంటాడు. ఒకసారి దగ్గుతాడు. భాగం అక్కడితో అయిపోతుంది. నాలుగోది రాయకముందే వాయెల్ గుండె ఆగింది.

ఇక ఆట ఆడే జనం ఊహలు మొదలుపెట్టారు. కాఫీలో విషం ఉందని అతడికి తెలుసు, ఎందుకంటే కలిపింది అతడే. కాదు, అతడు దెయ్యం, దెయ్యాలు కాఫీ తాగవు. కప్పు నీడను కొలిచిన ఒక మేధావి, ఇతడు అబూ సఖ్ర్ కాడు, అతడి కవల సోదరుడని నిరూపించాడు. ఆ దగ్గు రహస్య సంకేతమట. నిజానికి అది రబాబ్ వాళ్ల నాన్న దగ్గు. వాయెల్ దాన్ని తెచ్చి ముసలివాడి గొంతులో పెట్టాడు.

టీచరుగా పిల్లల జవాబు పత్రాలు దిద్దే ఓపికతో రబాబ్ అన్నీ చదివింది. పిల్లల్లో కొందరైనా ప్రశ్న చదివి రాస్తారు. సాల్ట్ అనే ఊరి అమ్మాయి ఒకతె, "ఆయన ఏదో అడగడానికి వచ్చాడు. ఇస్తామని ఇంటివాళ్లు మాట ఇచ్చేదాకా కప్పు ముట్టడు. మా ఇళ్లలో అంతేగా" అని రాసింది. మరీ అంత తేలికైన కారణమా అని అందరూ నవ్వారు.

నలభయ్యో రోజు దాటాక సంస్థ యజమాని యజన్ ఆమె ఇంటికి వచ్చాడు. వెంట సిరాజ్ ఉన్నాడు. విషం సిద్ధాంతాన్ని వీడియోల్లో చెప్పి పేరు తెచ్చుకున్నవాడు; ఇప్పుడు సంస్థకు కథా సలహాదారు. వాయెల్ చేసుకున్న ఒప్పందం ప్రకారం, అతడి తర్వాత కథ మార్చాలంటే రబాబ్ సరేననాలి. ఆమె కాఫీ పోసింది.

"రబాబక్కా, వాడు పోయాక నాకు చెయ్యి విరిగినట్టుంది. కానీ జనం ఆగట్లేదు," అన్నాడు యజన్, కప్పు ఖాళీ చేస్తూ.

"ఆగకపోతే నడవమను నాయనా. ఒంటికి మంచిది."

సిరాజ్ ముందుకు వంగాడు. "మేడమ్, మీరు ఆ ముసలాయన కళ్లు గమనించారా? రెండుసార్లు ఎడమవైపు చూస్తాడు. తప్పు చేసినవాడి చూపది."

"గుడారంలోంచి బయటికి దారి అటే కదా బాబూ."

"చూశారా! పారిపోవాలనుకున్నాడు!"

"ఆ దగ్గు?"

"తోడుదొంగకి సైగ. ఎంత లోతుగా రాశాడండీ మీ తమ్ముడు! ఆయనకే తెలిసుండదు." సిరాజ్ కప్పు మళ్లీ చాచాడు. రబాబ్ పోసింది. అతడు ఒక్క గుక్కలో తాగాడు.

"నాలుగో భాగంలో ముసలాయన్ని హంతకుణ్ని చేద్దామనుకుంటున్నాం. నువ్వు సరేనంటే చాలక్కా," అన్నాడు యజన్.

"అంటే, మీరు నన్ను అడగడానికి వచ్చారన్నమాట."

"అందుకేగా."

"నేను కాఫీకి వచ్చారనుకున్నాను."

యజన్ తన కప్పులోకి చూశాడు. ముఖం చెవుల దాకా ఎర్రబడింది. అతడి తండ్రి కరక్ పట్టణంలో ఎన్ని పెళ్లిళ్లు కుదిర్చాడో, ఎన్ని తగవులు తీర్చాడో, అన్నీ ముట్టని కప్పు ముందు కూర్చునే.

సిరాజ్ కంగారుగా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏమైంది? కాఫీలో ఏమైనా కలిపారా?"

తమ్ముడు పోయాక రబాబ్ నవ్వడం అదే మొదటిసారి. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

గుమ్మం దగ్గర యజన్ ఆగాడు. "క్షమించక్కా. హంతకుడి మాట వదిలేస్తాను. ఇంతకీ ముసలాయన ఏం అడగడానికి వచ్చాడు? నీకైనా చెప్పాడా వాడు?"

"అడిగాను. రాశాక చదువు, తప్పులు దిద్దుదువుగాని అన్నాడు."

వాళ్లు వెళ్లాక ఆమె రెండు కప్పులూ కడిగి బోర్లించింది. గేములో అబూ సఖ్ర్ కప్పు మాత్రం ఇంకా నేల మీదే ఉంది. నాలుగో భాగం ఎవరూ రాయలేదు.