ఫోన్‌లో మిగిలిన పేరు

జులై మూడున మా పాప ఎస్తేరు జ్వరంతో పోయింది. నేను పాఠాలు చెప్పే ఆరో తరగతిలోనే చదివేది. వారం తర్వాత బడి కంప్యూటర్‌లో పాప పేరు నేనే తీసేశాను. అయినా రోజూ పదింటికి నా భార్య సుమిత్ర ఫోన్‌లో బడి హాజరు యాప్ "ఎస్తేరు ఈరోజు బడికి రాలేదు" అని మోగుతుంది. ఆ వేళకు నేను హాజరు పిలుస్తూ గడియారం వైపే చూస్తుంటాను.

నారాయణఖేడ్‌లో ఆ యాప్ తయారుచేసిన సంగమేశ్‌ను అడిగాను.

"డేటాబేస్‌ల పేరు పోయింది సార్. గాని లిస్టు మారిందని ఫోన్లకు చెప్పేటట్టు మేం పెట్టలే. అక్క ఫోన్ల పాత లిస్టే ఉంది, హాజరు పడకుంటే రాలేదనే చెప్తది. యాప్ తీసేసి మళ్ల ఎక్కియ్యాలె."

ఇంటికి వచ్చి ఫోన్ అడిగితే సుమిత్ర ఇవ్వలేదు.

"ఉండనియ్యి. బిడ్డ గురించి రోజూ అడిగేది గీ ఫోనొక్కటే. నువ్వైతే పేరే తీసేసినవ్."

నెల దాటింది. సుమిత్ర ఆ యాప్ ఇంకా తీయలేదు.