ఒళ్ళు చెయ్యని పిల్ల

బారువ తీరాన తెల్లారితే తెప్పలొస్తాయి, చేపలు దిగుతాయి, కన్నమ్మ ఇసుకలో నెత్తళ్ళు ఆరబోస్తుంది. పొద్దెక్కి సముద్రపు గాలి జోరందుకుంటే, బొత్తిగా బరువు లేని ఆ పిల్ల మెల్లగా గాల్లోకి లేచిపోతుంది. అటుగా పోయేవాళ్ళెవరో కొంగు పట్టుకుని కిందికి దించి, తమ దారిన తాము పోతారు. ఎవరి ఒళ్ళు వారిది, అందులో వింతేముంది!

తల్లి ఎర్రమ్మకి మాత్రం అదొక్కటే దిగులు. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక మిగిలింది ఈ పిల్లొక్కతే. ఈడొచ్చినా ఒళ్ళు చెయ్యలేదు. ఏ రోగమో లోపల తినేస్తోందని ఆమె భయం. వల అడుగున కట్టే మట్టిగుండ్లు దండగా గుచ్చి కన్నమ్మ నడుముకి కట్టింది. నడుం ఒరుసుకుపోయినా కన్నమ్మ విప్పేది కాదు, అమ్మకి నిద్ర పట్టాలి కదా.

చోడి అంబలైనా, చేపల పులుసైనా ముందు పిల్లకే.

"తినే, ఇంకో ముద్ద. పుల్లకి సీర సుట్టినట్టున్నావు."

"కడుపు నిండిపోనాదమ్మా. నువ్వు తిను."

"నాను తినీసినాను."

తినలేదని కన్నమ్మకి తెలియదు. కుండ అడుగు ఎవరు చూస్తారు?

ఆఖరికి పిల్లని వైద్యుడు నీలకంఠం గారి దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నాడి చూసి, "ఆకలేస్తోందా? పని చేస్తే ఆయాసమొస్తోందా?" అని అడిగాడు.

"గంపెడు సేపలు నెత్తినెట్టుకుని సోంపేట దాకా నడుత్తాను బాబూ," అంది కన్నమ్మ.

"ఈళ్ళ నాయనమ్మా ఇలాగే సన్నం. పండు ముసిల్దయ్యాకే పోనాది," అని ఒప్పుకుంది ఎర్రమ్మ.

"అయితే ఇది పుట్టుక, రోగం కాదు. తిని తిరిగే పిల్లకి భయం లేదు. ఉన్న ఒళ్ళు కరిగిపోతేనే భయపడాలి." ఆయన ఎర్రమ్మ మోచేతి దాకా జారిన కడియం చూశాడు. "నీకెన్నాళ్ళ నుంచి ఈ దగ్గు?"

"నాకేటయినాది బాబూ! ఈ ఆడగుంటకి మందియ్యండి."

దీపావళి వెళ్ళాక ఎర్రమ్మ మంచం పట్టింది. టెక్కలిలో డాక్టరుకి చూపించాలన్నాడు నీలకంఠం. తుపానుకి వాగులు, గెడ్డలు పొంగి, బండి కదిలే దారి లేదు. కన్నమ్మ నడుముకున్న గుండ్లు తెంపి పారేసింది. తల్లిని చీరతో వీపుకి కట్టుకుని ఇసుక దిబ్బ మీద నిలబడింది. గాలి ఇద్దర్నీ ఎత్తుకుంది.

అమ్మ ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఊరంతా తననే చూసింది, ఆ వైద్యుడు తప్ప అమ్మని చూసినవాళ్ళే లేరు, తనతో సహా. కొబ్బరితోటల మీదుగా పోతూ కన్నమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

ఎర్రమ్మ చెవి ఆమె వీపుకి ఆని ఉంది. "నీ గుండి గట్టిగా కొట్టుకుంతన్నాదే," అంది నీరసంగా. "నీకేటీ రోగం నేదే, కన్నీ!"

"నేదమ్మా. ఎప్పుడూ నేదు."

"అమ్మయ్య," అంది ఎర్రమ్మ.

టెక్కలి పొలిమేర కనిపిస్తుండగా వీపు మీది ఊపిరి ఆగింది. గాలి జోరు తగ్గలేదు. అయినా కన్నమ్మ కాళ్ళు నేలకి తగిలాయి. తల్లిని మోసుకుంటూ, గెడ్డలన్నీ దాటుకుంటూ నడిచే ఇంటికొచ్చింది.

ఆ తర్వాత కన్నమ్మ ఎప్పటిలాగే సన్నగా ఉంది గానీ, ఏ గాలీ ఆమెని ఎత్తలేదు. ఎర్రమ్మ కోరుకున్నదీ అదే. చూడ్డానికి ఆమె లేదు.