టైలర్ ఇంటామె కడుపులో క్లిప్పులు

హన్నమ్మకు నడుం నొప్పని ఆళ్ళగడ్డలో ఎక్స్‌రే తీయిస్తే, నడుం సంగతి దేవుడెరుగు, పక్కటెముకల కింద తెల్లగా నాలుగు ముక్కలు కనపడినాయి. కొడుకు అజయ్ కుమార్‌కు ఒళ్ళు మండిపోయింది.

“గాల్ బ్లాడర్ తీసినప్పుడు లోపల ఇనుము మరిచిపోయినారు మా! నాయన పోయి ఏడాది కాలేదు, నిన్ను గూడా పోగొట్టుకోవాల్నా?” అని అప్పటికప్పుడు నంద్యాల బస్సెక్కించినాడు. పైకి కోపం గానీ లోపలంతా భయమే. ఆమెకు తెలియదా!

“ఒరేయ్, అవి మరిచిపోయినవి కాదురా...” అని బస్సులో రెండుసార్లు మొదలుపెట్టింది. వింటే కదా! చొక్కా చేతులు పైకి మడుచుకోవడంతో సహా అచ్చం సాల్మన్ రాజే. నీ ఖర్మ అనుకొని నోరు మూసుకుంది.

సాల్మన్ రాజు ఆమె మొగుడు. ఆళ్ళగడ్డలో టైలరు. కుట్టిన జాకెట్లో గుండుసూది మరిచిపోయే టైలరు టైలరే కాదనేవాడు. అట్లాంటి మనిషికి ఆమె ఆపరేషన్ అయినాక, లోపల క్లిప్పులుంటాయని నర్సు చెబితే ఊరుకుంటాడా? ఆసుపత్రి ఎగిరిపోయేట్టు అరిచినాడు. డాక్టరమ్మ నవ్వి, “గుండుసూది కాదప్పా, ఇది కుట్టు. నాళం మూతి బిగించేదే ఇది. కుట్టినాక కుట్టు విప్పుతావా నువ్వు?” అనింది. మనిషి చల్లబడినాడు. “గట్టిగానే ఏసినారు కదా మేడం?” అని ఒక్క మాట అడిగి, మరునాడు మంచం పక్కన కూర్చొని తన చేత్తో ఇడ్లీ తినిపించినాడు. పెండ్లైన కొత్తలో గూడా అంత ముద్దు చేయలేదు మహానుభావుడు. అప్పుడు అజయ్ డోన్‌లో హాస్టల్లో ఉన్నాడు, వాడికి ఇదంతా తెలియదు.

నంద్యాలలో ఆపరేషన్ చేసిన అదే ఆసుపత్రి. అజయ్ గొంతు లేచింది.

“ఏందీ అన్యాయం! కడుపులో ఇనుము పెట్టి కుట్టేస్తారా? మనుషులనుకుంటాండారా, గోనెసంచులనుకుంటాండారా?”

జనం మూగినారు. “ఆపరా” అని ఆమె గట్టిగా ఒక్క మాటంటే ఆగేవాడే. అనలేదు. కండ్లు మూసుకుంటే అది కొడుకు గొంతు కాదు. ఎన్నాళ్ళైంది ఆ అరుపు విని! ఇంకొంచెంసేపు అరవనీ, పాపమైతే ప్రభువే క్షమిస్తాడు అనుకుంది.

డాక్టరమ్మే వచ్చింది, తల నెరిసింది పాపం. ఎక్స్‌రే చూసింది, హన్నమ్మను చూసింది, వీడి మడిచిన చొక్కా చేతులు చూసింది.

“టైలరు కొడుకువా? మీ నాయన గూడా ఈడ్నే నిలబడి ఇట్లే అరిచినాడు. ఆ గొడవ మరిచిపోతామా!”

డాక్టరమ్మ అజయ్‌ను కూర్చోబెట్టి, అవి కావాలనే పెట్టినవని, బతికినంతకాలం ఉన్నా ఏమీ కాదని, నడుం నొప్పి వయసుదని నిదానంగా చెప్పింది. వాడు చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. తల్లి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగినాడు.

“గట్టిగానే ఏసినారు కదా మేడం?”

హన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. కండ్లనీళ్ళు కారిపోతాన్నా నవ్వుతానే ఉంది.

“ఏందిమా, ఏమైంది?” అన్నాడు వాడు కంగారుగా.

“ఏం లేదు నాయనా. ఆకలైతాంది. పా, ఇడ్లీ తినిపిద్దువు.”