మూత అంచు

మార్చి తొమ్మిదో తేదీ, సోమవారం, మధ్యాహ్నం. పెరట్లో ఉన్నవారు ముగ్గురు: కుట్టుపని చేసే అక్క, ఫోటో స్టూడియోలో పనిచేసే తమ్ముడు, సాక్షిగా పైవాటాలో అద్దెకుండే రిటైర్డ్ బస్సు కండక్టరు. తేలవలసిన విషయం: అక్క గుండెకు ఆపరేషన్ చేయించుకోవాలా, అక్కర్లేదా.

మాటలతో తేలని తగువును ఆ ఇంట్లో రాకెట్ తేల్చేది. తల్లి పోయిన ఏడాది అక్క పెట్టిన నియమమది. పోట్లాడుకుంటే నలుగురూ వింటారని, మూతులు ముడుచుకుంటే వండినది పాడవుతుందని ఆమె వాదన. కెమెరా ఫిల్ము వచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బా చెరొకటి తీసుకుని, అందులో కాస్త వెనిగర్ పోయాలి. టిష్యూ కాగితంలో చుట్టిన వంటసోడా పొట్లాన్ని మూత లోపల ఇరికించి, మూత బిగించి, డబ్బాను తలకిందులుగా నేలమీద నిలబెట్టి దూరం జరగాలి. లోపల పొంగిన వాయువు మూతను తన్ని డబ్బాను పైకి విసురుతుంది. ఎవరిది ఎక్కువ ఎత్తుకు వెళితే మాట వారిది. డబ్బాలు తెచ్చేది తమ్ముడు, ముందు ఎంచుకునేది అక్క.

ఎప్పుడూ అక్కే గెలిచేది. ఆమె పొట్లానికి దారం చుట్టి, బొత్తాం కుట్టినంత శ్రద్ధగా ముడి వేసేది. తమ్ముడి పొట్లం మూత బిగిసేలోపే విచ్చుకుని సగం నురగ వేళ్ళ సందుల్లోంచి కారిపోయేది. అలా ఒకసారి వేరే ఊళ్ళో పత్రికాఫీసు ఉద్యోగం పోయింది. మరోసారి, స్టూడియో ఎదుటి మందుల షాపులో బిల్లులు రాసే అమ్మాయి సంగతి పోయింది. అందుకు అతను ఎవరినీ నిందించలేదు. నిజానికి ఓడిన ప్రతిసారీ అతనికి లోలోపల ఎక్కడో ఊపిరి తేలికయ్యేది. నిర్ణయం తన నెత్తిన పడలేదు కదా.

ఆ ఉదయం కూడా అతను ఎప్పటిలాగే స్టూడియో షట్టరు ఎత్తి, తెల్లటి తెర దులిపి, స్టూలు సరిచేసి, వచ్చినవాళ్ళతో అవే మాటలన్నాడు. "గడ్డం కొంచెం దించండి. నవ్వకండి." జీవితంలో అతను అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికిన మాటలవి. కానీ ఫోటోలు కత్తిరించేటప్పుడు బ్లేడు స్కేలు పక్కనుంచి జారిపోసాగింది.

"ఏమయ్యా, ఇవాళ వచ్చినవాళ్ళందరికీ చెవులు కోసి పంపుతున్నావు?" అన్నాడు యజమాని.

అతను గోడ గడియారం కేసి చూశాడు. నాలుగింటికి ఆసుపత్రి బండి వస్తుంది. అక్క సంతకం పెడితే ఎక్కించుకుంటారు, లేకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇస్తారు. మళ్ళీ వంతు వచ్చేదాకా పాడైన ఆ గుండె కవాటం తట్టుకోదని డాక్టరు చెప్పింది. అక్కకూ చెప్పింది. "కోయించుకుంటూ చచ్చేకన్నా కుట్టుకుంటూ చావడం మేలు కదమ్మా," అని అక్క ఆవిడనే నవ్వించి వచ్చింది.

యజమాని భోజనానికి వెళ్ళగానే అతను కౌంటరు కింద నుంచి పాత సంచి లాగాడు. ఫిల్ముల కాలం పోయినా డబ్బాలు మిగిలాయి. మూత లోపలికి దిగి బిగుసుకునే రకం రెండు ఏరాడు. ఒకదాని మూత తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అంచు మీద బ్లేడుతో గీశాడు. వెంట్రుక మందం గాటు. నీళ్ళు పోస్తే నిలుస్తాయి, వాయువు మాత్రం నిలవదు. బ్లేడు తుడిచి సొరుగులో పెట్టాడు.

ఇప్పుడు ఆ రెండు డబ్బాలూ పెరటి గట్టుమీద పక్కపక్కన ఉన్నాయి. అక్క ఎడమచేతివాటం మనిషి, ఎప్పుడూ ఎడమవైపుదే అందుకుంటుంది. గాటు పడ్డది ఎడమవైపు ఉంది.

అక్క ముక్కాలి పీట మీద కూర్చుంది. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు పట్టడం లేదు. ఆమె ఎడమవైపు డబ్బా అందుకోలేదు. రెండు మూతలూ తీసి ఒళ్ళో వేసుకుంది. కుట్టు పూర్తయిన కాజాను తడిమినట్టు మొదటి మూత అంచు చుట్టూ బొటనవేలి గోరు తిప్పింది. పక్కన పెట్టింది. రెండోది తిప్పింది. గోరు ఒకచోట ఆగింది.

తమ్ముడు వెనిగర్ సీసా మూత తిప్పసాగాడు.

"ఏంటమ్మా, కూరగాయల బేరమా?" అన్నాడు కండక్టరు. "ఏదో ఒకటి తీసుకో, బండి లేటవుతోంది."

"తీసుకుంటున్నానులే అన్నయ్యా, తొందరేం?" అంది అక్క. తమ్ముడి ముఖంలోకి చూసింది. దారం ఎక్కించేటప్పుడు సూది కన్నును చూసే చూపు అది. గాటున్న మూతనే తన డబ్బాకు పెట్టుకుంది.

ఇద్దరూ పొట్లాలు చుట్టారు. ఈసారి తమ్ముడూ దారం చుట్టాడు. కండక్టరు మెడలోని పాత విజిల్ ఊది "రైట్!" అన్నాడు. డబ్బాలను బోర్లించి ముగ్గురూ గోడవారకు జరిగారు.

టప్పున తమ్ముడి డబ్బా ఎగిరి, ప్రహరీ ఎత్తు దాటి, పైవాటా కిటికీ గట్టుకు తగిలి కిందపడింది. జీవితంలో మొదటిసారి అంత ఎత్తు. అక్కది కదల్లేదు. అడుగున సన్నగా బుసకొడుతూ అలాగే నిలబడింది.

"మొరాయించింది," అన్నాడు కండక్టరు. "తోద్దామా?"

"దగ్గరికెళ్ళకూడదు. పేలనిదాని దగ్గరికి ఎవ్వరూ వెళ్ళకూడదు," అంది అక్క. కాసేపు దాన్నే చూసి, "ఓడాను. కాగితం తేరా," అంది.

కుట్టుమిషను బల్ల మీద ఆమె ఎడమచేత్తో నింపాదిగా సంతకం పెట్టింది. అతను పక్కన నిలబడి నోరు తెరిచాడు.

"అక్కా, ఆ మూత..."

"తెలుసు. నీకంత చాతకాదు అనుకున్నాన్రా ఇన్నేళ్ళూ." ఆమె కలానికి మూత పెట్టింది. "ఉద్యోగం కోసం చెయ్యలేదు, ఆ పిల్ల కోసం చెయ్యలేదు. ఇంత దొంగపని నాకోసం చేశావు. కాదంటే ఎలా?"

నవ్వబోయింది గానీ ఆయాసం వచ్చి ఆగిపోయింది.

బండి నాలుగింటికి ముందే వచ్చింది. ఇద్దరు మనుషులు ఆమెను కుర్చీతో సహా ఎత్తి వీధిలోకి తీసుకువెళ్ళారు. గుమ్మం దగ్గర ఆమె తల వెనక్కి తిప్పింది. "ఒరేయ్, దాన్ని కదపకు. ఇంకా లేవొచ్చు."

అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టి, బొత్తాం పెట్టుకున్నాడు. అది అక్క కుట్టిన బొత్తామే. అతనూ ఎక్కాక బండి తలుపు మూసిన చప్పుడు పెరటిదాకా వినిపించింది.

పెరట్లో డబ్బా అలాగే నిలబడి ఉంది. మూత అంచున, గాటు దగ్గర, చిన్న బుడగ ఒకటి ఉబ్బింది, ఆగింది, పగిలింది. ఎంతోసేపటికి మరొకటి ఉబ్బసాగింది.